ఊరి బోరింగు: ఒక రూపకల్పన పల్లె జీవితాన్ని మార్చిన తీరు

రూపకల్పన అనే మాట వినగానే పలువురికి పట్టుచీర అంచు, బంగారు నగలోని నగిషీ, కొత్త ఇంటి ముఖద్వారం స్ఫురిస్తాయి. అది అందానికి సంబంధించిన విషయమనీ, డబ్బున్నవారి వేడుక అనీ ఒక అభిప్రాయం మన సమాజంలో స్థిరపడిపోయింది. కానీ ఒక వస్తువు ఎంత ఎత్తున ఉండాలి, ఎంత బలంతో కదలాలి, రోజుకు ఎందరు వాడితే తట్టుకోవాలి, చెడిపోతే ఎవరు బాగుచేయాలి అనే నిర్ణయాలన్నీ రూపకల్పనలోని భాగాలే. ఆ నిర్ణయాలు ఎక్కడో ఒక కార్యాలయంలోనో, కర్మాగారంలోనో జరుగుతాయి. వాటి మంచిచెడ్డలను తరాల తరబడి అనుభవించేది మాత్రం ఆ వస్తువును వాడుకునే సామాన్య ప్రజలు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి ఊరి నడుమ నిలిచి ఉన్న చేతి పంపును మించిన ఉదాహరణ లేదు. తెలుగువారు దానిని బోరింగు అంటారు. తమిళనాట అది అడిపంపు, మరాఠీ సీమలో హాప్సా, ఒడిశాలో నళకూపం. ఏ పేరుతో పిలిచినా ఆకారం ఒక్కటే: మూడు కాళ్ల ఉక్కు పీఠం, దానిపై చతురస్రాకారపు తల, బరువైన పొడవాటి పిడి, ముందుకు వంగిన మూతి. దేశంలో లక్షల సంఖ్యలో నెలకొన్న ఈ పంపు అధికారిక నామం ఇండియా మార్క్ 2. దాని ఆకారంలోని ప్రతి వంపు వెనుక ఒక కారణం ఉన్నది. ప్రతి కారణం వెనుక పల్లె ప్రజల కష్టం ఉన్నది.

బావి నేర్పిన అలవాట్లు

చేతి పంపు రాక పూర్వం ఊరి నీటి అవసరాలను తీర్చినవి చెరువులు, కుంటలు, ఒరల బావులు, దిగుడు బావులు. బావి నిర్మాణమే ఊరి అలవాట్లను తీర్చిదిద్దింది. గిలక, చేంతాడు, బొక్కెన ఉన్న బావిలో నీరు తోడడానికి భుజబలం కావాలి. కనుక తోడే పని యౌవనంలో ఉన్న స్త్రీలపై పడింది. గట్టు మీద నలుగురు నిలిచే చోటు ఉన్నది కనుక ఊరి కబుర్లన్నీ అక్కడే కలిసేవి. వేసవిలో నీరు అడుగంటితే తాడు పొడవు పెరిగేది, తెల్లవారక ముందే నిద్ర లేవవలసి వచ్చేది.

దిగుడు బావి తీరు వేరు. నీటి వరకు మెట్లు ఉంటాయి. కడవ ముంచుకోవడానికి మనుషులు మోకాలి లోతు నీటిలోకి దిగుతారు. తాడు, గిలకల ఖర్చు లేదు. అయితే కాళ్ల మురికి, వాటితో పాటు వ్యాధులు తాగే నీటిలోనే కలిసేవి. రాతి మెట్ల సొగసుకు పేరుపొందిన ఆ నిర్మాణమే ఒక భయంకరమైన వ్యాధికి దారి తీసిన వైనం ముందు ముందు తెలుస్తుంది.

రాతి నేలలో సన్నని రంధ్రం

1965, 1966 సంవత్సరాలలో వరుసగా వానలు విఫలం కావడంతో బీహారు తదితర ప్రాంతాలను తీవ్రమైన కరవు పీడించింది. ఆ సందర్భంలో 1967లో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ గాలి ఒత్తిడితో పనిచేసే రాతి డ్రిల్లింగు యంత్రాలను మన దేశానికి తెప్పించింది. దక్కను పీఠభూమిలోని నల్లరాతిలో, గ్రానైటులో మనుషులు బావి తవ్వాలంటే నెలలు పట్టేది. ఈ యంత్రాలు నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు గల సన్నని బోరును ఒకటి రెండు రోజులలోనే వేయగలిగాయి. రాయలసీమ, తెలంగాణ, కర్ణాటక, మరాఠ్వాడా, పశ్చిమ తమిళనాడు వంటి రాతి ప్రాంతాలకు ఇది గొప్ప వరంగా కనిపించింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. సన్నని బోరులోకి బొక్కెన దిగదు. నీరు పైకి రావాలంటే పంపు కావాలి. నాడు బిగించిన పంపులు పోత ఇనుముతో చేసినవి. అవి ఐరోపా, అమెరికా రైతుల పెరడులలో ఒక్క కుటుంబం వాడుకోవడానికి రూపొందించిన పంపులకు నకళ్లు. మన ఊళ్లలో అటువంటి పంపు వద్ద తెల్లవారుజాము నుంచి చీకటి పడే వరకు జనం బారులు తీరేవారు.

లెక్క వేస్తే తేడా స్పష్టమవుతుంది. గ్రామీణ నీటి సరఫరాకు అప్పట్లో ప్రభుత్వం పెట్టుకున్న కొలమానం ప్రకారం మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక పంపు. అంటే ఒక పంపు రోజుకు 10,000 లీటర్లు ఇవ్వాలి. పిడిని నిమిషానికి 40 సార్లు ఆడిస్తే వచ్చే నీరు సుమారు 12 నుంచి 15 లీటర్లు. ఆ లెక్కన పంపు రోజుకు 11 నుంచి 14 గంటల పాటు ఆగకుండా పనిచేయాలి. పిడి రోజుకు సుమారు 27 వేల నుంచి 33 వేల సార్లు పైకీ కిందికీ ఆడాలి. అయిదుగురున్న ఒక్క కుటుంబానికైతే ఆరు వందల సార్లు ఆడిస్తే చాలు. ఆరు వందల దెబ్బలకు తగినట్లు చేసిన వస్తువుపై 27 వేల దెబ్బలు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇరుసులు అరిగిపోయాయి, పిడులు విరిగాయి, తల ఊడి వచ్చింది. 1970ల నడుమ జరిగిన పరిశీలనలలో, ఏ సమయంలో చూసినా ప్రతి నాలుగు పంపులలో మూడు పనిచేయని స్థితిలో ఉన్నట్లు తేలింది.

బోరు ఉన్నది, నీరు ఉన్నది, పంపు ఉన్నది. అయినా ఊరికి నీళ్లు లేవు. లోపం వాడినవారిది కాదు. వారు ఎందరు, ఎంతసేపు వాడతారన్నది ఎవరూ ముందుగా ఆలోచించకపోవడమే దీనికి మూలకారణం.

షోలాపూరు నుంచి మద్రాసుకు

ఈ చిక్కుకు తొలి పరిష్కారం పెద్ద సంస్థల నుంచి రాలేదు. మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూరు పట్టణాలలో గ్రామాలకు బోర్లు వేస్తున్న క్రైస్తవ మిషనరీ సేవా సంస్థల పనివారు, విరిగిన పంపులను బాగుచేసి చేసి విసిగి, పోత ఇనుము బదులు ఉక్కును వెల్డింగు చేసి తమ సొంత పంపులను తయారు చేసుకున్నారు. జాల్నా పంపు, షోలాపూరు పంపు అనే పేర్లతో అవి ప్రసిద్ధికెక్కాయి. తెలంగాణ నుంచి తరలి వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న షోలాపూరు, ఈ విధంగా నీటి చరిత్రలో కూడా స్థానం సంపాదించుకున్నది.

షోలాపూరు పంపును ఆధారంగా తీసుకుని, దానిని దేశమంతటా ఒకే తీరున తయారు చేయగల నమూనాగా మలచే పని 1970ల నడుమ మద్రాసులో మొదలైంది. యునిసెఫ్, మద్రాసులోని యాంత్రిక పరిశోధన సంస్థ మెరాడో, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం అందులో పాలు పంచుకున్నాయి. రూపకర్తలు తమకు తాము కొన్ని షరతులు విధించుకున్నారు. పంపు కనీసం ఏడాది పాటు మరమ్మతు లేకుండా పనిచేయాలి. సుమారు 50 మీటర్ల లోతు నుంచి కూడా నీరు తేవాలి. స్త్రీలు, పిల్లలు ఆడించగలిగేంత తేలికగా ఉండాలి. దేశంలోని మామూలు కార్ఖానాలలో తయారు కావాలి. వెల 200 డాలర్లకు మించరాదు.

నమూనా పంపులను 1976-77లో కోయంబత్తూరు పరిసర గ్రామాలలో, రోజంతా రద్దీ ఉండే లోతైన బోర్లపై బిగించి పరీక్షించారు. తెలుగు మాట్లాడే కుటుంబాలు శతాబ్దాలుగా స్థిరపడిన ఆ ప్రాంతపు స్త్రీలు కొట్టిన దెబ్బలకు తట్టుకున్న తరువాతే పంపు దేశమంతటికీ వెళ్లింది. 1979లో భారత ప్రమాణాల సంస్థ దీనికి ఐ.ఎస్. 9301 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. ఈ నమూనాపై ఎవరూ పేటెంటు హక్కు కట్టుకోలేదు. నక్షా అందరికీ అందుబాటులో ఉండడం వలన అనేక కార్ఖానాలు దీనిని తయారు చేశాయి. ఆఫ్రికాలోని పలు దేశాలకు సైతం ఇది చేరింది. ఉగాండాలో దీని రూపాంతరాన్ని యు2 అని వ్యవహరిస్తారు.

పిడి, గొలుసు, పీఠం

పంపు తల మూత తీసి చూసినవారికి లోపల సైకిలు గొలుసును పోలిన బలమైన గొలుసు కనిపిస్తుంది. పిడి లోపలి చివర విల్లులా వంగిన ఉక్కు భాగం ఉంటుంది. ఆ వంపు మీదుగా గొలుసు దిగి, నీటి వరకు వెళ్లే ఇనుప కడ్డీలకు కలుస్తుంది. పాత పంపులలో పిడి కదిలినప్పుడల్లా కడ్డీ పక్కలకు ఊగి గొట్టాన్ని రాసుకునేది. దాని వలన అన్నీ అరిగేవి. గొలుసు వంపు వెంట జారడం వలన కడ్డీ ఎప్పుడూ నిట్టనిలువుగానే కదులుతుంది. గొలుసు లాగగలదు కాని నెట్టలేదు. కనుక కడ్డీలు కిందికి తమ బరువుతోనే దిగాలి. పిడిని విసురుగా పైకి ఎగరవేస్తే గొలుసు జారుగా మారి టక్కున కొట్టుకుంటుంది. పిడిని నిదానంగా, నిండుగా ఆడించాలని పెద్దలు పిల్లలకు చెప్పేది ఇందుకే.

పిడి బరువుగా ఉండడం కూడా యాదృచ్ఛికం కాదు. నీటిలోని కడ్డీల బరువుకు అది తూకం. త్రాసులో రెండో తట్ట వలె పిడి బరువు సహకరించడం వలన లోతైన బోరు నుంచి కూడా నీరు లాగడం సాధ్యమవుతుంది. పిడి తిరిగే చోట మూసివేసిన బాల్ బేరింగులు ఉంటాయి. వాటికి నిత్యం నూనె పోయనక్కరలేదు. నూనె పోసే మనిషి ప్రతి ఊరిలో ఉండడన్న సంగతి రూపకర్తలు గుర్తించినందువలననే ఆ ఏర్పాటు.

అన్నిటికంటె ముఖ్యమైనది పీఠం. పాత పంపులు బోరు గొట్టానికే బిగించి ఉండేవి. కదలికకు అవి వదులై, పక్కన చేరిన మురికి నీరు సందులలో నుంచి బోరులోకి ఇంకేది. కొత్త పంపు పీఠపు మూడు కాళ్లు కాంక్రీటులో నాటుకుని ఉంటాయి. బోరు గొట్టం పీఠం లోపలికి వచ్చి పైనుంచి పూర్తిగా కప్పబడుతుంది. చుట్టూ సిమెంటు చప్టా, దాని నుంచి నీరు దూరంగా పోయే కాలువ ఉంటాయి. చప్టా పగిలి, కాలువ పూడిపోయి, పంపు చుట్టూ బురద మడుగు ఏర్పడితే, ఎంత మంచి పంపైనా మురికి నీటినే అందిస్తుంది. చప్టా కూడా పంపులో భాగమే. అది అలంకారం కాదు.

బాగుచేసేది ఎవరు?

మార్క్ 2 పంపు తక్కువ సార్లు చెడేది. కాని చెడినప్పుడు బాగుచేయడం కష్టం. నీటి అడుగున ఉన్న సిలిండరులో తోలు వాషరు అరిగితే, దానిని మార్చడానికి మొత్తం గొట్టాలను ఒక్కొక్కటిగా పైకి లాగాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్లు, నలుగురైదుగురు మనుషులు, వాటన్నిటినీ తెచ్చే వాహనం అవసరం. తమిళనాడులో ఊరి సంరక్షకుడు, బ్లాకు మెకానిక్కు, జిల్లా సంచార దళం అనే మూడంచెల ఏర్పాటును నెలకొల్పారు. వాషరు ఖరీదు స్వల్పమే. అది మారడానికి వాహనం ఎప్పుడు వస్తుందా అని ఊరు ఎదురుచూడవలసి వచ్చేది.

ఈ లోపాన్ని సవరించడానికి 1983 నుంచి 1988 వరకు కోయంబత్తూరు ప్రాంతంలోనే మరో క్షేత్ర పరీక్ష జరిగింది. దాని ఫలితమే మార్క్ 3. ఇందులో గొట్టం వెడల్పు పెంచారు. తద్వారా గొట్టాలను కదపకుండానే పిస్టనును, వాషరును కడ్డీలతో పాటు పైకి తీయవచ్చును. పనిముట్లు తగ్గాయి, కావలసిన మనుషులు తగ్గారు. వెడల్పాటి గొట్టం బరువు, వెల ఎక్కువ కావడం దాని వెంట వచ్చిన నష్టం. ప్రతి రూపకల్పనలో ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ఒకచోట సుఖం కావాలంటే మరోచోట ఖర్చు పెట్టాలి.

మరమ్మతు పని మగవారిదనే భావాన్ని కూడా ఈ పంపు కొంత కదిలించింది. 1990లలో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద, చదువు రాని గ్రామీణ మహిళలు పంపు విప్పి బిగించడం నేర్చుకుని మెకానిక్కులయ్యారు. పంపు చెడితే తొలి బాధ పడేది స్త్రీ కనుక, దానిని బాగుచేసే నేర్పు ఆమె చేతిలో ఉండడం న్యాయమే.

నారికురుపు పోయిన వైనం

దిగుడు బావుల వలన వ్యాపించిన వ్యాధి నారికురుపు. కలుషిత నీటిలోని అతి సూక్ష్మమైన ఒక జీవి కడుపులో ఈ పురుగు పిల్లలు ఉంటాయి. ఆ నీరు తాగిన మనిషి ఒంటిలో సుమారు ఏడాదిపాటు పెరిగి, ఒక మీటరు వరకు పొడవున్న పురుగు కాలి పుండులో నుంచి బయటికి వస్తుంది. మంట తాళలేక రోగి నీటిలో కాలు పెట్టగానే పురుగు వేల సంఖ్యలో పిల్లలను నీటిలోకి వదులుతుంది. నీటిలోకి దిగి ముంచుకునే బావి ఉన్నంత కాలం ఆ చక్రం తిరుగుతూనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు సహా ఏడు రాష్ట్రాలను ఈ వ్యాధి బాధించింది.

దీనికి టీకా లేదు, నయం చేసే మందూ లేదు. నీరు తీసుకునే పద్ధతిని మార్చడమే మార్గమైంది. దిగుడు బావులను మూయించి, మెట్లు తొలగించి, చేతి పంపులు బిగించారు. నీటిని గుడ్డతో వడగట్టడం నేర్పారు. బావులలో మందు చల్లారు. దేశంలో చివరి రోగి 1996 జూలైలో నమోదయ్యాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్లు ప్రకటించింది. మెట్లకూ నీటికీ నడుమ దూరం పెట్టినందువలన కలిగిన విజయంలో ఇది పెద్ద భాగం.

లోతు తెచ్చిన ముప్పు

అదే లోతైన బోరు మరొక ముప్పును పైకి తెచ్చింది. గ్రానైటు రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. దేశంలో మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం, సరిహద్దుకు అవతల కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలలో వేలాది కుటుంబాలు గారపళ్లతో, వంగిన ఎముకలతో ఆ బాధ అనుభవించాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతున్నది. రంగు, రుచి, వాసనలలో ఏ తేడా లేకపోవడం ఈ నీటి ప్రమాదం.

పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. శాస్త్రరీత్యా అది సరైనదే. అయితే ప్రతి ఇంటిలో ప్రతి రోజూ కొలత తప్పకుండా కలిపి, కదిపి, తేరనిచ్చి, వంచుకోవాలి. పొలం పని, వంట పని నడుమ ఆ భారం మళ్లీ స్త్రీలపైనే పడింది. ఇళ్లలో అది ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి నది నీటిని గొట్టాల ద్వారా తేవడమే పెద్ద పరిష్కారమైంది: అనంతపురం జిల్లాలో 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం, కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు 2013లో ప్రారంభమైన హొగెనకల్ పథకం, తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ ఈ కోవలోనివి.

ఇందులో చిన్నదైనా మెచ్చదగిన ఉపాయం రంగు. కొన్ని చోట్ల ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న పంపుకు ఎర్ర రంగు పూసి, అది కడుగుడుకే తప్ప తాగడానికి కాదని గుర్తు పెట్టారు. అక్షరం రానివారికి, వేరే రాష్ట్రపు లిపి తెలియనివారికి కూడా అర్థమయ్యే గుర్తు అది.

పంపు నిలిచిన చోటు

వస్తువు ఎలా ఉన్నదనే దానితో పాటు, అది ఎక్కడ నిలిచి ఉన్నదనేది కూడా సమాజాన్ని ప్రభావితం చేస్తుంది. బావిలో అందరి బొక్కెనలూ ఒకే నీటిలో మునుగుతాయి. దానిని సాకుగా చూపి దళితులను శతాబ్దాల పాటు ఊరి బావులకు దూరంగా ఉంచారు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నాయకత్వంలో వేలాది మంది చవదార్ చెరువు నీటిని తాగి ఆ హక్కును చాటవలసి వచ్చింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

చేతి పంపులో ఎవరి పాత్రా నీటిలో మునగదు. నీరు మూసిన గొట్టం గుండా వచ్చి ఎవరి బిందెలో వారికి పడుతుంది. పాత సాకుకు ఇక్కడ తావు లేదు. అయినా పలు ఊళ్లలో ఊరికి ఒక పంపు, వాడకు ఒక పంపు వేయడంతో పాత గీత కొత్త స్థలంలో నిలిచిపోయింది. వాడకు సొంత పంపు రావడం ఒక విధంగా మేలే. మైలు దూరం నడక తప్పింది, ఒకరి దయ కోసం చేతులు చాచి నిలిచే అవమానం తప్పింది. కాని కలిసి నీరు పట్టుకునే అవకాశం కూడా తప్పిపోయింది. ఉక్కు, గొలుసు ఒక అడ్డంకిని తీసివేయగలవు. పంపు ఎక్కడ నాటాలో నిర్ణయించేది మనుషులే.

సరిహద్దుకు రెండు పక్కలా

ప్రమాణం అనే మాట కాగితం మీద పొడిగా కనిపించినా, సరిహద్దు గ్రామాలకు అది చేసిన మేలు తక్కువ కాదు. ఐ.ఎస్. 9301 ప్రకారం చేసిన పంపు ఏ రాష్ట్రంలో ఉన్నా గొలుసు కొలత, బేరింగు కొలత, వాషరు కొలత ఒక్కటే. తాలూకా కేంద్రం దూరంగా ఉండి, వారపు సంత పొరుగు రాష్ట్రంలో దగ్గరగా ఉన్న ఊరికి ఇది ఎంత సౌకర్యమో అక్కడి వారికి తెలుసు. హోసూరు దుకాణంలో కొన్న వాషరు కుప్పం పంపుకు సరిపోతుంది. రాయచూరులో కొన్న గొలుసు గద్వాల పంపుకు అమరుతుంది. భాష, లిపి, కార్యాలయం మారే చోట మారనిది ఆ కొలత ఒక్కటే.

అయితే ఒకే రూపం అన్ని నేలలకూ పొసగదు. గోదావరి ఒండ్రు నేలలో ఉన్న యానాం వంటి చోట్ల రాతి సమస్య లేదు. సముద్రపు ఉప్పు నీరు భూగర్భంలోకి చొరబడడం అక్కడి సమస్య. కాలువ నీటిని చెరువులలో నింపి, వడగట్టి తాగే పద్ధతి డెల్టా గ్రామాలలో వచ్చింది. రాతి నేలకు రూపొందించిన పంపు అక్కడి చిక్కును తీర్చలేదు.

కొళాయి వచ్చిన తరువాత

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ తరువాత గ్రామీణ కుటుంబాలలో అధిక భాగానికి ఇంటి ముందు కొళాయి వచ్చింది. బిందెలు మోసే నడుములకు అది గొప్ప విశ్రాంతి. మరోవంక, విద్యుత్ మోటార్లు నీటి మట్టాన్ని వందల అడుగుల లోతుకు దించడంతో, 50 మీటర్లకు మించి లాగలేని చేతి పంపులు అనేకం ఎండిపోయాయి. కొన్నింటి తల తీసివేసి అదే బోరులో మోటారు దించారు. కొన్నింటిని వదిలివేశారు.

ఇక్కడ ప్రతి కుటుంబం జాగ్రత్త వహించవలసిన సంగతి ఒకటున్నది. పంపు పీఠాన్ని పీకివేసిన బోరు నోరు తెరిచిన గొయ్యితో సమానం. అటువంటి రంధ్రాలలో పసిపిల్లలు పడి మరణించిన దుర్ఘటనలు దేశంలో పలుమార్లు జరిగాయి. 2010లో సుప్రీంకోర్టు దీనిపై స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. వదిలివేసిన బోరును అడుగు నుంచి పైవరకు మట్టితోనో, ఇసుకతోనో, కంకరతోనో పూడ్చాలి. కొత్త బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. గొట్టం నోటికి ఉక్కు మూత బిగించాలి. పంపు బిగించినంత శ్రద్ధతో దానిని తొలగించడం కూడా జరగాలి.

ఇంకా పనిచేస్తున్న పంపును కొళాయి వచ్చిందని నిర్లక్ష్యం చేయడం తగదు. కరెంటు పోయిన రోజున, మోటారు కాలిన వారంలో, ప్రధాన గొట్టం పగిలిన సమయంలో ఊరిని ఆదుకునేది అదే. దానికి కావలసినవి స్వల్పమైనవే: పగలని చప్టా, పూడని కాలువ, ఏటా మార్చే వాషరు, నీటి పరీక్ష.

ఊరికి ఏ కొత్త వస్తువు వచ్చినా, అది ఓవర్‌హెడ్ ట్యాంకు కావచ్చు, నాణెం వేస్తే నీరిచ్చే యంత్రం కావచ్చు, ఊరివారు గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలను ఈ పంపు చరిత్రే నేర్పుతున్నది. రోజుకు ఎందరు వాడతారన్నది లెక్కించారా? చెడితే ఎవరు, ఎన్నాళ్లలో బాగుచేస్తారు? విడి భాగాలు దగ్గరి సంతలో దొరుకుతాయా? దాని మీది సూచనలు ఊరివారు చదవగలిగిన భాషలో ఉన్నాయా? అది నిలిచే చోటికి అందరూ వెళ్లగలరా? నీరు ఎవరు పరీక్షిస్తారు? వస్తువు బిగించిన తరువాత ఈ ప్రశ్నలు అడిగితే సమాధానాలు ఖర్చుతో కూడుకున్నవి అవుతాయి. బిగించక ముందు అడిగితే వాటికి ఖర్చు లేదు.